మనసుకు నచ్చని నాయికా నాయకులు: మన ప్రేమ నవలలపై ఒక పరిశీలన

ప్రేమ నవల చదివి పుస్తకం మూసిన పాఠకుడు మొట్టమొదట ఆలోచించేది కథాసంవిధానాన్ని గురించి కాదు, శైలిని గురించీ కాదు. "ఆ పిల్ల మంచిదేనా? ఆ కుర్రాడు ఎలాంటివాడు?" అన్నదే అతని మొదటి ప్రశ్న. మా ఆకివీడు వైపు యీ ప్రశ్న ఇంకా సూటిగా వుంటుంది. వారపత్రికల్లో సీరియల్స్ జోరుగా వస్తున్న రోజుల్లో మా మామ్మ చదివించుకుని వినేది. విన్నాక ఒకటే తీర్పు: "అలాంటి పిల్లని మనింటికి చేసుకుంటామటే?" ఆవిడ దృష్టిలో నవలంటే పెళ్ళిచూపులే. నాయిక నచ్చితే నవల నచ్చినట్టు, నాయిక నచ్చకపోతే నవల తప్పినట్టు.

నవ్వుకోవటానికి బాగానే వుంటుంది గానీ, చదువుకున్నవాళ్ళం మనం చేసేదీ చాలావరకు అదే. క్లాసులో, హాస్టల్ వరండాలో నవలల మీద జరిగే చర్చల్లో సగం పాత్రల గుణగణాల దగ్గరే ఆగిపోతాయి. "ఆ హీరోయిన్‌కి పొగరండీ", "వాడొట్టి పిరికివాడు" అనేసి అక్కడితో విమర్శ అయిపోయిందనుకుంటాం. ప్రేమకథలో ప్రధాన పాత్ర మనకు నచ్చి తీరాలా? నచ్చకపోతే అది రచయిత లోపమా, పాత్ర లోపమా, లేక మనలోనే ఏదైనా వుందా? ఈ ప్రశ్నను మనకు తెలిసిన కొన్ని రచనల ఆధారంగా పరిశీలించటం యీ వ్యాసం ఉద్దేశం. అందులో మూడు మా చుట్టుపక్కలవారు రాసినవే కావటం నాకు కొంచెం గర్వంగా కూడా వుంది.

లాక్షణికులు ఏమన్నారు?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. నాయకుడంటే సకలగుణ సంపన్నుడే అయి వుండాలని మన పూర్వులు అన్నారనుకుంటాం. నిజమే, ధీరోదాత్తుణ్ణి పెద్దపీట మీద కూర్చోబెట్టారు. కానీ శృంగారం దగ్గరికి వచ్చేసరికి ఆలంకారికులు ప్రియుణ్ణి నాలుగు రకాలుగా విడదీశారు: అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు. ఒక్కతెనే నమ్ముకున్నవాడు అనుకూలుడు. పలువురిని సమానంగా చూసేవాడు దక్షిణుడు. తప్పుచేసి పట్టుబడినా సిగ్గుపడనివాడు ధృష్టుడు. తీయటి మాటలతో చాటున అపకారం చేసేవాడు శఠుడు. అంటే నలుగురిలో ఇద్దరు పచ్చి దోషులే! ప్రేమించేవాడు మంచివాడే అయి వుంటాడన్న భ్రమ పాతవాళ్ళకు లేదు. ఆ భ్రమ మనం తెచ్చిపెట్టుకున్నది.

నాయికల సంగతీ అంతే. అష్టవిధ నాయికల్లో కలహాంతరిత వుంది. పోట్లాడి, ప్రియుణ్ణి పొమ్మని, తరువాత కుమిలిపోయే మనిషి. మన తెలుగువాళ్ళు గుండెల్లో పెట్టుకున్న సత్యభామ సంగతి చూడండి. అసూయ, అతిశయం, నోటిదురుసు అన్నీ వున్న మనిషి. నంది తిమ్మనగారి పారిజాతాపహరణంలో కాళ్ళమీద పడిన శ్రీకృష్ణుణ్ణి ఎడమకాలితో తన్నిన ఇల్లాలు. అయినా మనవాళ్ళు సత్యను ఏవగించుకోలేదు. పక్క జిల్లాలోని కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేర నడిచే భామాకలాపాన్ని తరాల తరబడి రాత్రులు మేలుకుని చూశారు. రుక్మిణి మీద గౌరవం, సత్యభామ మీద మక్కువ! నచ్చటానికి మంచితనం ఒక్కటే కారణం కాదని దీనివల్ల తెలుస్తోంది.

దుష్యంతుడికి దొరికిన శాపం

నాయకుడు చెడ్డపని చేసినప్పుడు కవులు ఏంచేస్తారన్నది ఆసక్తికరమైన విషయం. దీనికి శకుంతల కథను మించిన ఉదాహరణ లేదు.

నన్నయగారి భారతంలో దుష్యంతుడు అన్నీ ఎరిగివుండి ఎరగనట్టు మాట్లాడతాడు. కొడుకును వెంటబెట్టుకుని వచ్చిన శకుంతలను నిండుసభలో నువ్వెవరంటాడు. ఆమె తలవంచుకుని వెళ్ళిపోదు. సత్యం విలువ ఎంతటిదో ఆ సభలోనే అతనికి చెబుతుంది. చివరికి ఆకాశవాణి పలికాక, లోకాపవాదానికి వెరచి అలా అన్నానని రాజు ఒప్పుకుంటాడు. ఈ దుష్యంతుడు మనకు నచ్చడు. నచ్చకూడదు కూడా. కానీ అక్కడ ఎవరు తప్పుచేశారో, ఎవరు బాధపడ్డారో స్పష్టంగా వుంది.

కాళిదాసు యీ కథను నాటకంగా మలిచేటప్పుడు దుర్వాసుడి శాపాన్నీ, ఉంగరాన్నీ తెచ్చాడు. రాజు కావాలని మరిచిపోలేదు, శాపంవల్ల మరిచిపోయాడు. నాయకుడు మనకు మళ్ళీ ఇష్టుడయ్యాడు. నాటకం ఎంత అందమైనదో వేరే చెప్పనక్కరలేదు. ఉంగరం దొరికాక రాజు పడే పరితాపం మరువరానిది. కానీ ఒక్క సంగతి గమనించండి. దుర్వాసుడు ఎందుకు శపించాడు? వాకిట్లోకి వచ్చిన అతిథిని శకుంతల గమనించలేదని. ఉంగరం ఎవరు పోగొట్టుకున్నారు? శకుంతలే. రాజు మీదనుంచి తీసిన బరువు గాలిలో కలిసిపోలేదు. నెమ్మదిగా, మనకు తెలియకుండా, ఆమె తలకెత్తారు.

నాయకుణ్ణి మనకు నచ్చేటట్టు చెయ్యాలనుకున్నప్పుడల్లా జరిగేది ఇదే. తప్పు మాయం కాదు, చోటు మారుతుంది. కనుక పాత్ర మనకు నచ్చిందా లేదా అని కాక, ఆ పాత్ర తప్పుకు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు, ఆ చెల్లింపును రచయిత మనకు చూపిస్తున్నాడా లేదా అని అడగాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఈ కొలతతో ఇప్పుడు నవలల దగ్గరికి వద్దాం.

భీమవరం శారద, ఏలూరు దయానిధి

మా ఆకివీడుకు ఒకపక్క భీమవరం. ఆ ప్రాంతంలో 1895లో పుట్టినవాడు అడివి బాపిరాజు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో విశ్వనాథవారి "వేయిపడగలు"తో బహుమతి పంచుకున్న "నారాయణరావు" ఆయనదే. కథానాయకుడు నారాయణరావు చదువు, అందం, సంగీతం, దేశభక్తి అన్నీ వున్నవాడు. అతని భార్య శారద జమీందారు కూతురు. జమీందారీ లేని ఇంట్లో తనను ఇచ్చారన్న చిన్నచూపు ఆమెకు. మొగుణ్ణి దగ్గరికి రానివ్వదు, మాటలో ఆదరణ వుండదు. చదువుతున్నంతసేపూ "ఏమిటీ పిల్ల పెంకెతనం!" అని విసుగొస్తుంది.

కానీ బాపిరాజు రెండు పనులు చేశాడు. ఆ అతిశయం శారద సొంతం కాదనీ, తల్లి దగ్గరనుంచీ పెరిగిన ఇంటి గాలిలోనుంచీ వచ్చిందనీ చూపించాడు. రెండోది, నారాయణరావు చేత భర్తనన్న హక్కును వాడించలేదు. అతను వేచివుంటాడు. శారద మనసు తనంతట తాను మారేదాకా ఆ దాంపత్యం దాంపత్యం కాదని అతనికి తెలుసు. ఆ నిరీక్షణలో అతను పడే బాధే శారద దోషానికి ఖరీదు. నవల పొడుగునా అది మనకు కనిపిస్తూనే వుంటుంది. నిజం చెప్పాలంటే నాకు శారదకంటె నారాయణరావుతోనే ఇబ్బంది. అంత మంచివాణ్ణి నమ్మటం కష్టం! అయినా 1934లో, భార్య ఇష్టపడేదాకా భర్త ఆగాలని చెప్పిన ప్రేమకథ అది. దాన్ని చిన్న విషయమని నేననుకోను.

రెండోపక్క ఏలూరు. బుచ్చిబాబు, అనగా శివరాజు వెంకట సుబ్బారావు, 1916లో అక్కడే పుట్టాడు. ఆయన "చివరకు మిగిలేది"లో దయానిధిని ప్రేమకథా నాయకుడనటానికి కొందరు ఒప్పుకోరు. కానీ ఆ నవల నిండా ప్రేమే, ప్రేమించలేకపోవటమే. తల్లిని గురించి లోకం అన్న మాటలు దయానిధిని నీడలా వెంటాడతాయి. కోమలి, అమృతం, ఇందిర — ఒక్కొక్క స్త్రీ అతని జీవితంలోకి వస్తుంది. అతను ఎవరి దగ్గరా పూర్తిగా నిలబడడు. ఎదటి మనిషి కళ్ళెదుట వుండగా తనలోకి తాను చూసుకుంటూ కూర్చుంటాడు. పెళ్ళాడిన ఇందిర జబ్బుతో పోతుంది. "ఈయన ఇంత ఆలోచించేబదులు ఒక్క మంచిమాట ఎవరితోనైనా అనకూడదూ?" అని చదివేవాడికి అనిపిస్తుంది.

బుచ్చిబాబు దయానిధిని సమర్థించడు, శిక్షించడు. అతని తటపటాయింపు వల్ల స్త్రీల జీవితాలు ఎటుపోయాయో చూపిస్తాడు. దయానిధికి చివర దొరికేది విజయం కాదు. తనతో తాను రాజీపడగలగటం, అంతవరకే. ఇది నచ్చే నాయకుడి కథ కాకపోవచ్చు. కానీ దొంగలెక్క ఒక్కటీ లేని కథ.

బొమ్మిడినుంచి అరుణ

అసలైన పరీక్ష "బలిపీఠం". ముప్పాళ రంగనాయకమ్మగారు 1939లో తాడేపల్లిగూడెం దగ్గర బొమ్మిడి గ్రామంలో పుట్టారు. 1960ల మొదట్లో సీరియల్‌గా వచ్చి, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆమె నవల ఇది. 1975లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో శోభన్‌బాబు, శారద నటించిన సినిమాగా కూడా వచ్చింది.

అరుణ బ్రాహ్మణ బాలవితంతువు, జబ్బుమనిషి. ముత్తయిదువుగా పోవాలన్న కోరికతో వున్న ఆమెను దళిత యువకుడు భాస్కర్ పెళ్ళాడతాడు. అంతవరకు ఆదర్శం. అరుణ కోలుకుంటుంది. కోలుకున్నకొద్దీ కులం గుర్తుకొస్తుంది. తనను బతికించిన మనిషినీ, అతనివాళ్ళనూ చీదరించుకుంటుంది. కృతజ్ఞత వుండవలసిన చోట ఏహ్యత! తెలుగు ప్రేమకథల్లో ఇంతగా తిట్లుతిన్న నాయిక మరొకతె వుండదేమో. చివరికి ఆమె పశ్చాత్తాపపడినా పాఠకులు అంత తేలికగా క్షమించలేదు.

అరుణను తిట్టటం ఎందుకంత సులువు? నేను చాలాకాలం ఆలోచించాను. మా వైపు ఎన్నో ఇళ్ళలో తలుపులు వేసుకుని మెల్లగా అనుకునే మాటల్ని ఆమె నలుగురిలో పైకి అంటుంది. వేరే గ్లాసు పెట్టే ఇంట్లో కూర్చునే అరుణను "ఛీ" అన్నవాళ్ళు వున్నారు. ఆమెను అసహ్యించుకున్నందువల్ల మనకు కులం లేదని మనల్ని మనం ఒప్పించుకుంటాం. నచ్చని పాత్ర చేసే పెద్ద మోసం ఇదీ, పెద్ద ఉపకారమూ ఇదే. అద్దంలా పట్టుకుంటే ఉపకారం. కిటికీలా పట్టుకుని "అదిగో చెడ్డమనిషి" అని వేలుచూపిస్తే మోసం.

ఇందులో ఖరీదు చెల్లించింది భాస్కర్. తన ఇంట్లోనే, తన అన్నం తినే మనిషి చేతనే అవమానపడ్డాడు. రంగనాయకమ్మగారు ఆ అవమానాన్ని "ప్రేమలో ఇవన్నీ మామూలే" అని కొట్టేయలేదు. పేరులోనే బలి అని చెప్పారు.

పొగరు, పౌరుషం

ఇక్కడ భాష మీద ఒక చిన్నమాట. దయానిధి ఎవరికీ అందకపోతే "మనస్తత్వ చిత్రణ" అన్నాం. అరుణ అందకపోతే "పొగరుబోతు" అన్నాం. నాయకుడు తలెత్తితే పౌరుషం, నాయిక తలెత్తితే పొగరు. ఈ రెండు మాటల మధ్యనున్న దూరమే మన విమర్శలో సగం అన్యాయం.

కృష్ణాజిల్లా కాజలో పుట్టి, 2018లో కన్నుమూసిన యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ" తెలియని తెలుగు పాఠకులు తక్కువ. 1960ల నడుమ "జ్యోతి" మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా అయింది. దిగువ మధ్యతరగతి పిల్ల జయంతి ఉద్యోగం చేస్తుంది. కలవారి బిడ్డ రాజశేఖరం ఎంత దగ్గరకు రాబోయినా ఆమె అనుమానం, అభిమానం అడ్డుపడతాయి. "ఇంత మొండితనం ఏమిటండీ, అంత మంచి సంబంధం!" అన్నవాళ్ళను నేనెరుగుదును.

కానీ లెక్క చూడండి. రాజశేఖరం పొరబడితే అతనికి పోయేది ఒక సాయంత్రం. జయంతి పొరబడితే ఆమెకు పోయేది ఉద్యోగం, పరువు, తలదాచుకునే చోటు. లేనివాళ్ళకు అభిమానమే ఆస్తి. ఆ ఆస్తిని అంత గట్టిగా పట్టుకున్న పిల్లను పొగరుబోతు అనటం మన ధీమా. జయంతి నచ్చకపోవటానికి కారణం ఆమెలో వుందో, మన స్థితిలో వుందో ఆలోచించాలి.

అయితే యీ కోవకు చెందిన సీరియల్ నవలలన్నిటికీ ఇదే వకాల్తా పుచ్చుకోలేను. "సెక్రటరీ" వెనుక వచ్చిన వందలాది అనుకరణల్లో దుర్వాసుడి పని చేసేది అపార్థం. ఎవరో ఎవరితోనో కనబడతారు, ఒక ఉత్తరం చేతులు మారుతుంది. నాయకుడు నాయికను నానామాటలూ అంటాడు, చెయ్యి కూడా చేసుకుంటాడు. ఆఖరి వారం అపార్థం తొలగిపోతుంది, ఆ వెంటనే పూలదండలు. అపార్థం తొలగింది సరే, అన్న మాట ఎక్కడికి పోయింది? పడిన దెబ్బ ఎక్కడికి పోయింది? ఆ ఖరీదు నాయిక చెల్లించింది, రచయిత రసీదు ఇవ్వలేదు. నాయకుడు మాత్రం అందరికీ నచ్చాడు! నన్నడిగితే ప్రమాదం వున్నది యీ నచ్చే నాయకుడి దగ్గర. దయానిధి దగ్గర కాదు, అరుణ దగ్గర కాదు.

శరత్ దేవదాసు కూడా పార్వతి నుదుట కొట్టాడు. కానీ ఆ మచ్చ నవలలో చెరిగిపోలేదు, కథ పొడుగునా ఆమె ముఖం మీదే వుంది. 1927లో వచ్చిన చలం "మైదానం"లో అమీర్ స్వార్థం తక్కువది కాదు. రాజేశ్వరి కూడా మన మెప్పుకోసం చూసే మనిషి కాదు. కానీ ఆ కథంతా రాజేశ్వరే చెబుతుంది. ఖరీదు చెల్లించిన మనిషే లెక్కలు చదువుతోందన్నమాట. ఇంగ్లీషు సాహిత్యంలోనూ ఇంతే. జేన్ ఆస్టెన్ తన ఎమ్మాను గురించి, ఈ నాయిక తనకు తప్ప మరెవరికీ అంతగా నచ్చకపోవచ్చునని ముందే అనుకున్నదట. ఎమిలీ బ్రాంటీ 1847లో హీత్‌క్లిఫ్‌ను సృష్టించింది. అతణ్ణి నవలల్లోని నాయకుడనుకుని మోసపోయి పెళ్ళాడిన ఇసబెల్లాను కూడా అదే నవలలో పెట్టింది. హీత్‌క్లిఫ్‌ను ఆరాధించే పాఠకులు ఇసబెల్లా వున్న పేజీలను త్వరత్వరగా తిప్పేస్తారు కాబోలు!

ఇదంతా పుస్తకాల గొడవేనా?

కాదు. మా వీధిలో ఒకావిడ వుండేది. పేరు అనవసరం. పెళ్ళయిన కొత్తలో భర్త కటువుగా మాట్లాడితే "పైకి అలా వుంటారు గానీ లోపల వెన్న" అని మా అమ్మతో నవ్వుతూ చెప్పేది. నవలలు బాగా చదివిన మనిషి. రాయిలాంటి నాయకుడు ఆఖరి ప్రకరణంలో కరుగుతాడని ఆమెకు గట్టి నమ్మకం. ఏళ్ళు గడిచాయి. అతను కరగలేదు. ఒకరోజు అమ్మతో, "వదినగారూ, వీళ్ళింట్లో ఆఖరి వారం సంచిక రాలేదండీ" అంది. అప్పుడూ నవ్వుతూనే అంది. అమ్మ ఏమీ అనలేక కాఫీ కలపటానికి లేచింది.

నవల చదివి ఆమె చెడిపోయిందని నేననను. ఆ మాట అనేవాళ్ళు ఆడవాళ్ళ చేతుల్లోంచి పుస్తకాలు లాక్కోవటానికే అంటారు. కొల్లేటి చుట్టూ పల్లెల్లో ఎందరో స్త్రీలకు బయటి ప్రపంచం చూపించింది ఆ అద్దెపుస్తకాలే. నా బాధ వేరు. తప్పును ప్రేమ అని పిలిచే కథకూ, తప్పును తప్పుగా చూపించే కథకూ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తేడా చెప్పటమే గదా సాహిత్య విమర్శ పని! మన క్లాసుల్లో సంధులూ సమాసాలూ అయ్యాక దానికి ఒక పావుగంట మిగలదా?

విద్యార్థి మిత్రులకు

ఇకమీద ప్రేమ నవల చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోమని మనవి.

మొదటిది: ఈ పాత్ర చేసిన తప్పుకు ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? చేసినవారా, ప్రేమించినవారా?

రెండోది: ఆ తప్పును చూసే కన్ను నవలలో ఒకటైనా వుందా? అది రచయితది కావచ్చు, స్నేహితురాలిది కావచ్చు, ఇంట్లో పనిచేసే మనిషిది కావచ్చు. ఒక్క కన్నూ లేకపోతే ఆ కన్ను మనదే కావాలి.

మూడోది: బాధపడుతున్న మనిషికి తలుపు తెరిచి వుందా? నారాయణరావు శారదకు తలుపు తెరిచివుంచాడు. చాలామంది నాయకులు ముందు తలుపు మూసి, తరువాత ప్రేమించమంటారు.

ఇంకో చిన్న అభ్యాసం కూడా చెబుతాను. పెన్సిల్ తీసుకుని, నవలలో ఎవరు ఎవరికి క్షమాపణ చెప్పారో ఆ పేజీల అంకెలు వరసగా రాసుకోండి. లైబ్రరీ పుస్తకమైతే దాని మీద కాదు, వేరే కాగితం మీద! తరువాత ఎవరు ఎవరిని గాయపరిచారో ఆ అంకెలు పక్కన వెయ్యండి. రెండు వరసలూ సరిపోలిస్తే ఆ నవల ఎంత నిజాయితీగా రాసిందో ఏ విమర్శకుడూ చెప్పనక్కరలేకుండా తెలిసిపోతుంది. నేను నాలుగైదు నవలలకు అలా చేసి చూశాను. బాగా నచ్చిన ఒక నాయకుడి పేరెదుట క్షమాపణల వరసలో ఒక్క అంకె కూడా పడలేదు.